ఆరోగ్య వేదిక: మధుమేహంలో ఆపద్ఘడియ

బాయిలరు పక్కన బొగ్గు గుట్టలుగా ఉన్నా, ఫర్నేసులోకి చేరనిదే ఆవిరి పుట్టదు. ఇన్సులిన్ కొరవడిన దేహస్థితి అట్టిదే. రక్తంలో చక్కెర నిండినా కణాలకు అందదు. శరీరం కొవ్వును కరిగించుకోగా కీటోన్లనే ఆమ్లాలు పేరుకొంటాయి. విపరీతమైన దాహం, అతిమూత్రం, వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, పండ్లవాసన గల శ్వాస, మగత దీని లక్షణాలు.

జ్వరంతో భోజనం మానినవారు ఇన్సులిన్ కూడా మానడం ఇందుకొక ప్రధాన కారణం. అస్వస్థతలో ఇన్సులిన్ అవసరం సాధారణంగా పెరుగుతుంది. వైద్యుని సలహా లేనిదే సూది ఆపరాదు.

ఇన్సులిన్ రక్తంలోని పొటాషియంను కణాలలోకి పంపుతుంది. అది మరీ తగ్గితే గుండె లయ తప్పుతుంది. అందుకే సెలైను, ఇన్సులిన్, పొటాషియంలతో చికిత్స ఆసుపత్రిలోనే, రక్తపరీక్షల ఆధారంగా జరగాలి. మగతలోని రోగి చెప్పుకోలేడు. ఈ లక్షణాలు ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలి.