కొండదారుల్లో పరుగెత్తేవారికి ఏ కానుక ఇవ్వాలి?

మీ కుటుంబంలో గాని, బంధువర్గంలో గాని కొండదారుల్లో సుదీర్ఘ పరుగు పందేలకు వెళ్లేవారు ఉన్నారా? వారి పుట్టినరోజుకు ఖరీదైన చేతి గడియారం కొందామనుకుంటారు. తప్పు లేదు. అయితే, ప్రాణం నిలిపే వస్తువే మేలైన కానుక అని వైద్యునిగా నా అభిప్రాయం.

2021 మే 22న చైనాలోని గాన్సు రాష్ట్రంలో 100 కిలోమీటర్ల పర్వత పరుగు పందెం జరిగింది. ఎత్తైన ప్రదేశంలో ఉన్నట్టుండి ఈదురుగాలి, చలివాన విరుచుకుపడ్డాయి. 21 మంది మరణించారు. చాలామంది ఒంటిమీద పలుచని చొక్కా, నిక్కరు మాత్రమే ఉన్నాయి. గాలిని ఆపే జాకెట్ తప్పనిసరి సామగ్రిలో లేదు.

తడిసిన ఒంటికి గాలి తగిలితే వేడి వేగంగా హరించుకుపోతుంది. శరీరోష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ కంటె తగ్గితే తీవ్రమైన వణుకు, అటుపై మతి తప్పడం, చివరకు గుండె లయ దెబ్బతినడం సంభవిస్తాయి.

కనుక వాన, గాలి చొరబడని తేలికపాటి జాకెట్, రేకులా మెరిసే అత్యవసర దుప్పటి, తలకు కట్టుకునే లైటు, ఒక ఈల ఇవ్వండి. గొంతు పెగలనప్పుడు ఈలే సహాయాన్ని పిలుస్తుంది.

నొప్పి మాత్రలను మాత్రం వీటితో జతచేయకండి. ఒంట్లో నీరు తగ్గిన వేళ ఐబుప్రొఫెన్ వంటివి మూత్రపిండాలకు హాని చేయగలవు.

కానుక ఇస్తూ ఒక మాట తీసుకోండి: ఉదయం ఎండ కాస్తున్నదని వీటిని ఇంట్లో వదలి వెళ్లరాదని.