పిలిస్తే పలికే శూన్యం

రూబీలో నాకు నచ్చే గుణమూ నన్ను భయపెట్టే గుణమూ ఒకటే: ప్రోగ్రాము నడుస్తూండగానే కొత్త మెథడ్లను పుట్టించగలగడం. 1995లో మత్సుమోతో లోకానికిచ్చిన ఈ భాషలో అది దొడ్డిదారి కాదు, రాజమార్గమే. నా ఫిర్యాదు ఆ దారిలో హద్దు మరచిపోవడం గురించి.

మా ఇంటి పుస్తకాలకు ఒక పట్టిక కట్టుకున్నాను. ఒక్కొక్క పుస్తకానికి శీర్షిక తెలుగులో, ఇంగ్లీషులో, కొన్నిటికి సంస్కృతంలో కూడా. వెదుకులాటకు సోలర్, దానికీ రెయిల్స్‌కీ నడుమ సన్‌స్పాట్. సూచిక కట్టేటప్పుడు సన్‌స్పాట్ మోడల్‌ను పేరు పెట్టి అడుగుతుంది, టైటిల్_టీఈ ఏది, టైటిల్_ఈఎన్ ఏది అని. ఒకే మెథడ్‌ను మూడుసార్లు రాయడం దేనికని, భాషల జాబితా మీద తిరుగుతూ డిఫైన్_మెథడ్‌తో నాలుగు పంక్తుల్లో ముగించాను. అక్కడ ఆగవలసింది. రేపు కన్నడ పుస్తకమొకటి వస్తేనో! ఆ ముందుచూపుతో అది కొట్టేసి, మెథడ్_మిస్సింగ్ రాశాను. "టైటిల్_"తో మొదలయ్యే ఏ పేరుతో పిలిచినా పలకాలి, అనువాదం లేకుంటే నిల్ ఇవ్వాలి.

సూచిక నిర్వచనంలో టీఈ బదులు టీఎల్ అని కొట్టాను. రూబీ కిమ్మనలేదు. నిల్ వచ్చిన అంశాన్ని సన్‌స్పాట్ సూచికలో చేర్చదు, అదీ కిమ్మనలేదు. అలమరలో ఎదురుగా ఉన్న పుస్తకం తెలుగులో వెదికితే లేదు! తెలుగువాణ్ణి కనుక మొదట అనుమానించింది యూనికోడ్‌నే. "సాఫ్ట్‌వేర్" వంటి మాటల్లో పొల్లు పక్కన కనబడకుండా కూర్చునే అక్షరమే దోషి అనుకొని రెండు రాత్రులు దాని వెంట పడ్డాను. పాపం, ఈసారి దాని తప్పేమీ లేదు.

డిఫైన్_మెథడ్‌నే ఉంచుకొని ఉంటే, సూచిక కట్టబోయిన మరుక్షణం నోమెథడ్ఎర్రర్ మొహాన కొట్టేది. జాబితాలో లేని పేరు పుట్టదు కదా. పరీక్షలు రాసుకుంటే సరిపోతుందనేవారున్నారు. నిజమే, కానీ అచ్చుతప్పును పట్టడానికి భాషే సిద్ధంగా ఉండగా దాని నోరు నొక్కి, పరీక్షను కాపలా పెట్టడమెందుకు? రెయిల్స్ వారు సైతం 2013లో 4.0తో ఫైండ్_ఆల్_బై వంటి మాయాపద్ధతులను చాలావరకు సాగనంపడం మొదలుపెట్టారు.

ఇప్పుడు మోడల్‌లో ఒకే జాబితా ఉంది. మెథడ్లు పుట్టేదీ సూచిక అంశాలు పుట్టేదీ దాని నుండే. పుట్టే పేర్లన్నీ పైన వ్యాఖ్యగా రాసిపెట్టాను, కోడ్‌లో వెదికితే దొరకాలని. మొన్న నిజంగానే కన్నడ పుస్తకం వచ్చింది. చేత్తో ఒక్క పేరు చేర్చి, సూచిక మళ్ళీ కట్టాను.