తేదీ చూసి మార్చే ఫిల్టర్

కెనడాలో 2018 అక్టోబర్ 17 నుంచి ఇంట్లో గంజాయి పెంచుకోవచ్చు. మనిషికి కాదు, ఇంటికి నాలుగు మొక్కలు. క్యూబెక్‌లో అదీ కుదరదు. అక్కడి నిషేధం చెల్లుతుందని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది. మన దేశంలో సంగతి చెప్పేదేముంది, 1985 నాటి చట్టం కింద అనుమతి లేకుండా ఒక్క మొక్క పెంచినా నేరమే. అయితే కెనడాలో చట్టం ఊరుకున్నా పక్కింటివాళ్ల ముక్కు ఊరుకోదు. అందుకే టొరంటో అపార్ట్‌మెంట్లో మొక్కల టెంటు కొన్నవాడు కార్బన్ ఫిల్టరూ కొంటాడు. ఏడాదికో ఏడాదిన్నరకో దాన్ని మార్చేస్తే పని అయిపోయిందనీ, ఈలోగా వాసన వస్తే ఫిల్టర్ నాసిరకమనీ నమ్ముతాడు. ఈ నమ్మకం అమ్మేవాడికి పనికొస్తుంది, కొన్నవాడికి కాదు.

ఫిల్టర్‌లో ఉన్నది బొగ్గే, ఎక్కువగా కొబ్బరి చిప్పల నుంచి చేసింది. గ్రాము బొగ్గులోని సూక్ష్మరంధ్రాల గోడలన్నీ పరిస్తే వెయ్యి చదరపు మీటర్ల దాకా వస్తాయి. వాసన అణువులు ఆ గోడలకే అంటుకుంటాయి. ఆ చోటు ఎంత త్వరగా నిండుతుందన్నది గాలిలో ఏముందో దాన్ని బట్టి ఉంటుంది. ఏడాదికి ఒక్క పంట తీసేవాడి ఫిల్టర్‌కూ, ఏడాది పొడవునా పూత మీద మొక్కలుంచేవాడి ఫిల్టర్‌కూ ఒకే గడువు ఎలా సరిపోతుంది?

అసలు దొంగ తేమ. సాపేక్ష తేమ 70 శాతం దాటితే నీటి ఆవిరి ఆ రంధ్రాల్లో తిష్ఠ వేస్తుంది, వాసనకు చోటుండదు. దీపాలు ఆర్పగానే టెంటు చల్లబడి తేమ పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే మనవాడు కరెంటు ఆదా అంటూ ఫ్యాన్ కూడా ఆపేస్తాడు! ఫ్యాన్ ఆగితే గాలి ఫిల్టర్ దాకా పోదు, జిప్పు సందుల్లోంచి హాల్లోకి వస్తుంది. తెల్లారి కొత్త ఫిల్టర్‌కు ఆర్డర్ పెడతాడు. దానికంటే ముందు ఫ్యాన్ వేసి, జిప్పు దగ్గర వెలిగించిన అగరువత్తి పట్టుకుని చూడాలి. పొగ లోపలికి లాగితే, టెంటు గుడ్డ లోపలికి నొక్కుకుని ఉంటే, గాలి దారి సవ్యంగా ఉన్నట్టే. పొగ బయటికి తిరిగితే ఎన్ని ఫిల్టర్లు మార్చినా దండగ. పెద్ద ఫ్యాన్ తగిలిస్తే మేలనుకోవడం ఇంకో పొరపాటు. గాలి మరీ వేగంగా పోతే వాసన బొగ్గుకు అంటుకునే వ్యవధి ఉండదు.

ఇక పొదుపరులు. బొగ్గును కడిగి ఎండబెడితే కొత్తదవుతుందంటారు. కడగాల్సింది పైనున్న గుడ్డ తొడుగును. దానికి దుమ్ము పడితే గాలి ఆడదు. ఉతికి, పూర్తిగా ఆరాకే తిరిగి తొడగాలి. బొగ్గును మళ్లీ చురుకు చేయాలంటే ఫ్యాక్టరీ కొలిమిలో 800 డిగ్రీల దరిదాపు వేడి కావాలి, వంటింటి ఓవెన్ వల్ల కాదు.

మార్చాల్సిన రోజు రాదా? వస్తుంది. తేమ అదుపులో ఉండి, ఎక్కడా లీకు లేకుండా, ఫ్యాన్ ఆగకుండా తిరుగుతున్నా గొట్టం చివర వాసన వస్తుంటే బొగ్గు నిండిపోయినట్టే. అప్పుడు ఆరు నెలలే అయినా మార్చాలి. అది పసిగట్టడానికి రోజూ ఆ గదిలో తిరిగేవాడి ముక్కు పనికిరాదు, ఎప్పుడో అలవాటు పడిపోయి ఉంటుంది. బయటినుంచి అప్పుడే వచ్చినవాళ్లను అడగాలి.