పరాధీనతకి రెండెకరాల కట్నం

పోయిన సంక్రాంతికి గుడ్లవల్లేరు వెళ్లినప్పుడు అన్నయ్య నన్ను పక్కకి పిలిచి, "దానికి నువ్వే చెప్పాలమ్మా. అక్కడ ఆరేళ్లు ఉండొచ్చినదానివి. ఆడపిల్లలకి అక్కడున్న స్వేచ్ఛ ఇక్కడెక్కడుంది?" అన్నాడు. 'అది' అంటే నా మేనకోడలు. ఇంజనీరింగ్ చదివి మూడేళ్లుగా హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. అమెరికా సంబంధం వచ్చింది. అబ్బాయి హెచ్-1బి వీసా మీద ఉన్నాడు. కాలవ అవతల రెండెకరాలు అమ్మితే పెళ్లయిపోతుంది. పిల్లే ఇంకా ఊఁ అనలేదు.

ఆ రోజు నేనేమీ మాట్లాడలేదు. పండగపూట గొడవెందుకని ఊరుకున్నాను. ఊరుకోవడం మన ఇళ్లల్లో ఆడవాళ్లకి ఉగ్గుపాలతో వచ్చే విద్య. నా పెళ్లప్పుడూ అలాగే ఊరుకున్నాను. ఈసారి ఊరుకుంటే మరో అమ్మాయి గొంతు నొక్కినదాన్నవుతాను కాబట్టి ఇది రాస్తున్నాను.

నా పెళ్లి 2000లో అయింది. అప్పటికి నేను గుడివాడలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేదాన్ని. జీతం తక్కువే, కానీ అది నాది. పొద్దున్నే రైలెక్కి వెళ్లి, సాయంత్రం వచ్చేటప్పుడు అమ్మకి పూలో పళ్లో కొనుక్కొచ్చేదాన్ని. ఎవర్నీ అడగక్కర్లేదు. నాన్న ఎకరంన్నర అమ్మి నన్ను న్యూజెర్సీ పంపాడు. నా పాస్‌పోర్టులో అంటించిన వీసా పేరు హెచ్-4. అందరూ దాన్ని 'డిపెండెంట్ వీసా' అంటారు. ఆ మాటకి అర్థం విమానం దిగాక తెలిసింది. ఉద్యోగం చెయ్యకూడదు. ఉద్యోగానికి అనుమతి లేదు కాబట్టి సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వరు. ఆ నంబరు లేకపోతే అక్కడ చాలా పనులు జరగవు. ఇంటి అద్దె కాగితం, కరెంటు బిల్లు, అన్నీ ఆయన పేరు మీదే. లైబ్రరీ కార్డుకి చిరునామా రుజువు అడిగితే నా దగ్గర నా పేరున్న కాగితం ఒక్కటీ లేదు.

అమ్మకి ఫోన్ చెయ్యడానికి అయిదు డాలర్ల కార్డు కొనుక్కోవాలి. ఆ అయిదు డాలర్లు అడగాలంటే సిగ్గు. పాతికేళ్లు నిండాక, ఎమ్మెస్సీ చదివాక, నలుగురికి పాఠాలు చెప్పాక, బయటికి వెళ్లే ప్రతిసారీ చెయ్యి చాచడం. నెలకి రెండుసార్లే ఫోన్ చేసేదాన్ని. "మా అమ్మాయికి అక్కడ క్షణం తీరిక ఉండదు" అని అమ్మ ఊళ్లో చెప్పుకునేది.

ఆయన చెడ్డవాడు కాదు, అడిగితే కాదనలేదు. ఆ మాట ఎవరితో చెప్పినా "మరింకేం!" అంటారు. నా బాధంతా అక్కడే ఉంది. నేను తిన్నానా, తిరిగానా, చదివానా అన్నదంతా ఒక మనిషి మంచితనం మీద ఆధారపడింది. మంచితనం హక్కు కాదు. ఇవాళ ఉంటుంది, రేపు ఉండకపోవచ్చు. మా అపార్ట్‌మెంట్లోనే ఇంకో తెలుగమ్మాయికి అది లేదు. దెబ్బలు తిన్న ముఖంతో మా తలుపు కొట్టినప్పుడు ఆమె చేతిలో డబ్బూ లేదు, నంబరూ లేదు, సంపాదించుకునే అనుమతీ లేదు. మొగుణ్ణి వదిలేస్తే ఆ దేశంలో ఉండే అర్హతే పోతుంది. మర్నాడు ఆమె మళ్లీ ఆ ఇంటికే వెళ్లింది. "ఎందుకు వెళ్లావు?" అని అడిగే హక్కు మనకెక్కడిది?

"అమెరికా అంటే స్త్రీల హక్కుల దేశం కదా!" అంటాడు అన్నయ్య. ఆ దేశం ఎవరికీ హక్కులు పళ్లెంలో పెట్టి ఇవ్వలేదు. 1848లో సెనెకా ఫాల్స్‌లో స్త్రీలు సభ పెట్టి ఓటు అడిగారు. 1872లో ఓటు వేసినందుకు సూసన్ ఆంథొనీని అరెస్టు చేశారు. వంద డాలర్ల జరిమానా వేస్తే ఆమె కట్టనని కూర్చుంది. ఓటు రాజ్యాంగంలోకి వచ్చింది 1920లో. అంటే డెబ్బై రెండేళ్లు. అప్పుడు కూడా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి స్త్రీలు చాలామంది ఓటు వెయ్యలేకపోయారు. వాళ్లకి ఆ దారి నిజంగా తెరుచుకున్నది 1965 చట్టంతో. కొందరు స్త్రీలకి దక్కిన హక్కు మరికొందరి గుమ్మం దగ్గర ఆగిపోవడం అక్కడ కొత్త కాదు.

'డిపెండెంట్' అన్న మాట కూడా అక్కడ కొత్తది కాదు. 1907లో అమెరికా ఒక చట్టం చేసింది. దాని ప్రకారం పరదేశిని పెళ్లాడిన అమెరికన్ స్త్రీ తన పౌరసత్వం పోగొట్టుకుంటుంది. మగవాడికి ఆ బాధ లేదు. కాలిఫోర్నియాలో స్త్రీలకి 1911లోనే ఓటు వచ్చింది. దానికోసం పనిచేసిన ఎథెల్ మెకంజీ ఓటరుగా నమోదు చేసుకోబోతే, నీ భర్త బ్రిటిష్ వాడు కాబట్టి నువ్వు అమెరికన్‌వి కావన్నారు. 1915లో సుప్రీంకోర్టు అదే న్యాయమంది. 1922లో ఆ చట్టాన్ని సవరించారు, కానీ పూర్తిగా కాదు. పౌరసత్వానికి 'అనర్హుడైన' పరదేశిని, అంటే ఆసియావాసిని చేసుకున్నవాళ్లకి శిక్ష అలాగే ఉంచారు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు ఆ అనర్హుల్లో చేరారు. మన స్వాతంత్ర్యోద్యమకారుడు తారక్‌నాథ్ దాస్‌ని పెళ్లాడిన మేరీ దాస్ అక్కడే పుట్టి పెరిగిన స్త్రీ. ఆమె తన దేశంలోనే దేశం లేనిదైంది. 1926లో తన గతి గురించి అక్కడి పత్రికలో రాసుకుంది. ఆ నిబంధన పోవడానికి 1931 దాకా పట్టింది. బ్యాంకు అప్పుకి మొగుడి సంతకం అడక్కూడదన్న చట్టం 1974లో గాని రాలేదు.

అంటే, భార్య అస్తిత్వం భర్త కాగితంలో ఒక పంక్తి అన్న సూత్రాన్ని అమెరికన్ స్త్రీలు తమ మెడలోంచి ఒక్కొక్క ముడే విప్పుకున్నారు. విప్పిన తాడుని కాల్చెయ్యలేదు. అది ఇప్పుడు మన పిల్లల మెడలో ఉంది. అక్కడి స్త్రీల సమానత్వ పోరాటం ముగిసిందని ఎవరైనా అంటే, ఈ తాడు సంగతేమిటని నేను అడుగుతాను.

ఇది తప్పనిసరి నియమమా? కాదు. 2002లో ఎల్, ఇ వీసాల మీద వచ్చేవాళ్ల జీవిత భాగస్వాములకి పనిచేసే హక్కు ఇచ్చారు. హెచ్-4 వాళ్లని వదిలేశారు. మేఘనా దమానీ 2007లో ఈ భార్యల మీద 'హార్ట్స్ సస్పెండెడ్' అనే డాక్యుమెంటరీ తీసింది. స్త్రీలు సంతకాలు సేకరించారు, ప్రతినిధుల చుట్టూ తిరిగారు, తమ కథలు తామే చెప్పుకున్నారు. 2015 మే 26 నుంచి కొందరికి అనుమతి దొరికింది. కొందరికే. భర్త గ్రీన్ కార్డు దరఖాస్తులో ఐ-140 అనే మెట్టు దాటి ఉండాలి, లేదా గ్రీన్ కార్డు ప్రక్రియ వల్ల అతని వీసాకి ఆరేళ్ల తర్వాత పొడిగింపు వచ్చి ఉండాలి. ఆమె చదువు, ఆమె అనుభవం ఎక్కడా లెక్కలోకి రావు. 2017 చివరి వరకూ ఇలా అనుమతి పొందినవాళ్లు సుమారు 90,000 మంది. వాళ్లలో 93 శాతం స్త్రీలు, 93 శాతం భారతదేశంలో పుట్టినవాళ్లు. అదే ఏడాది అక్కడి ప్రభుత్వం ఈ అనుమతి తీసేస్తామని ప్రకటించింది. 2021 జనవరిలో ఆ ప్రతిపాదన వెనక్కి తీసుకునేదాకా వీళ్లంతా ఊపిరి బిగబట్టుకుని పనిచేశారు. 2024 ఆగస్టులో అప్పీలు కోర్టు ఈ అనుమతిని సమర్థించింది. కానీ ఇది పార్లమెంటు లాంటి సభ చేసిన చట్టం కాదు, ప్రభుత్వ శాఖ రాసుకున్న నిబంధన. రాసిన చెయ్యి కొట్టేయగలదు.

హింస సంగతీ అంతే. దెబ్బలు తినే హెచ్-4 భార్య పని అనుమతి అడగవచ్చని 2005 నాటి చట్టంలో రాశారు. అడగడానికి ఫారం 2017లో వచ్చింది. మా తలుపు కొట్టిన అమ్మాయి ఆ ఫారం కోసం పన్నెండేళ్లు ఎక్కడ నిలబడాలి?

ఇంతవరకూ అమెరికాని అన్నాను. ఇప్పుడు మనల్ని మనం అనుకుందాం. ఆ దేశపు చట్టం మన పిల్లని డిపెండెంట్ అంటుంది, నిజమే. దానికోసం రెండెకరాలు అమ్మమని మాత్రం అనలేదు. అది మన సొంత తెలివి. కట్నం నేరమని 1961లోనే చట్టం వచ్చింది. మా ఊళ్లో దాన్ని కట్నమనరు. పసుపుకుంకుమలంటారు, లాంఛనాలంటారు, "మా పిల్లకి మేం పెట్టుకుంటున్నాం" అంటారు. పిల్లకి పెట్టుకున్నది పిల్ల చేతిలో ఉండాలి కదా! నా ఎకరంన్నర డబ్బు ఏ బ్యాంకులో పడిందో, దేనికి ఖర్చయిందో నాకు ఈనాటికీ తెలియదు.

మన రాష్ట్రంలో కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా 1985 సెప్టెంబరు 5 నుంచే ఉంది. దేశం మొత్తానికి 2005లో వచ్చింది. ఆ చట్టం తెచ్చిన ముఖ్యమంత్రి ఎన్టీ రామారావుది మా పక్కనున్న నిమ్మకూరే. అప్పటికి పెళ్లి కాని నాకు ఆ హక్కు ఉంది. నాన్న పోయిన ఏడాది అన్నయ్య తెచ్చిన కాగితాల మీద, నా వాటా వదులుకుంటున్నానని సంతకం పెట్టాను. "నీకు పెళ్లిలో ఇచ్చాంగా" అన్నారు. పుట్టింటి గుమ్మం మూసుకుపోతుందేమోనన్న భయంతో పెట్టాను. ఇవాళ అమ్మబోయే రెండెకరాలు ఆ పొలంలోవే. నేను వదులుకున్న వాటా నా మేనకోడల్ని మొగుడి కాగితానికి కట్టేసే తాడవుతుందని ఆ రోజు అనుకోలేదు.

"ఈ రోజుల్లో ఆడపిల్లలు సొంతంగా ఎమ్మెస్‌కి వెళ్తున్నారు కదా, నీ కాలం కాదిది" అనేవాళ్లున్నారు. వెళ్తున్నారు, సంతోషం. నేను కోరేదీ అదే. అమెరికా వద్దని నేను అనడం లేదు. సొంత కాగితం మీద వెళ్లమంటున్నాను. అలా వెళ్లినా అక్కడంతా సమానత్వమనుకోవద్దంటున్నాను. 1972లో వాళ్ల సభలు ఆమోదించిన సమాన హక్కుల సవరణని 2020లో ముప్పై ఎనిమిదో రాష్ట్రంగా వర్జీనియా ఒప్పుకున్నా, రాజ్యాంగంలో ఇంకా చేర్చలేదు. బిడ్డని కన్న తల్లికి 1993 చట్టం ఇచ్చేది పన్నెండు వారాల సెలవు, అదీ జీతం లేకుండా, అదీ అందరికీ కాదు. గర్భస్రావానికి 1973 నుంచీ ఉన్న రాజ్యాంగ రక్షణ 2022 జూన్ 24న ఒక్క తీర్పుతో పోయింది. యాభై ఏళ్లు ఉన్న హక్కే పోగలిగినప్పుడు, విమానం ఎక్కితే హక్కులొస్తాయని పిల్లలకి ఎలా చెప్తాం?

1902లో బందరులో భండారు అచ్చమాంబ, ఓరుగంటి సుందరీ రత్నమాంబ కలిసి బృందావన స్త్రీ సమాజం పెట్టారు. మా ఊరి రైలు వెళ్లేది ఆ బందరుకే. ఓటు లేని, ఆస్తి లేని కాలంలో వాళ్లు ముందు ఒకచోట కూర్చుని మాట్లాడుకున్నారు. అమెరికా వెళ్లొచ్చిన మనం, మన పిల్లల్ని పంపుతున్న మనం ఆ మాత్రం చెయ్యలేమా? వెళ్లొచ్చినవాళ్లు నిజం చెప్పాలి. ఫొటోల్లో మంచుని చూపించి ఊరుకోవద్దు. పెళ్లిచూపుల్లో అబ్బాయి జీతం అడిగినట్టే, అమ్మాయికి పనిచేసే హక్కు ఎప్పుడొస్తుందో అడగాలి. ఆమెకివ్వదలుచుకున్న పొలం ఆమె పేరు మీద రాసి, అమ్మకుండా ఉంచాలి. అక్కడి తెలుగు సంఘాలు రెండేళ్లకోసారి తెచ్చే సినిమా తారల సంగతి తర్వాత, ముందు ఈ భార్యల గురించి తమ ప్రతినిధుల్ని నిలదీయాలి.

ఇదే అన్నయ్యకి ఫోన్‌లో చెప్పాను. "పెళ్లి చెడగొట్టడానికి పుట్టావు" అని పెట్టేశాడు. నెలయింది, మళ్లీ చెయ్యలేదు. వదిన మాత్రం ఒకసారి చేసి, ఏమీ అనకుండా, పొలం కౌలు డబ్బు వచ్చిందని చెప్పింది.

మొన్న రాత్రి మేనకోడలు ఫోన్ చేసింది. "అత్తా, ఆదివారం అతను మాట్లాడతాడట. ఐ-140 ఏ దశలో ఉందని అడిగితే తప్పుగా అనుకుంటారా?"

"అనుకోనీ. అడుగు" అన్నాను.