సముద్రతీరమున బస

సముద్రస్నానము, గాలి మార్పు, పిల్లల వేడుక, ఈ మూడింటి కొఱకును ఏడాది కొకమాఱైనను తీరమునకు పోవలెనని మన యిండ్లలో అందఱును తలంతురు. పోవుట సులభమే. అచ్చట రాత్రి ఉండుటయే చిక్కు. మా కశింకోట పరిసరముల సోదరీమణులు ఈ విషయమై తఱచుగా అడుగుచున్నారు గావున ఈ నెల మా మాటలు బసను గుఱించియే.

మనకు సముద్రము దూరము కాదు. అనకాపల్లి నుండి మునగపాక, అచ్యుతాపురముల మీదుగా పోయిన పూడిమడక వచ్చును. పరవాడ వైపున ముత్యాలమ్మపాలెము, తంతడి కలవు. ఎలమంచిలి దాటి ఎస్. రాయవరము మండలమున రేవుపోలవరము కలదు. ఇవి యన్నియు ఉదయము బయలుదేరి దీపములు పెట్టు వేళకు ఇల్లు చేరదగిన చోట్లు. ఇవి జాలరుల పల్లెలు. ఇసుకపై వలలు ఆరుచుండును, పడవలు ఒరిగి యుండును, చేపలు ఎండుచుండును. చూచుటకు ఇంత చక్కని ఒడ్డు విశాఖలోనైనను లేదని మా యభిప్రాయము. కాని కుటుంబముతో రాత్రి నిలుచుటకు తగిన గదులు, స్త్రీలకు వలయు స్నానపు గదులు, మరుగుదొడ్లు ఇచ్చట దొరకుట అరుదు. తెలిసినవారి యిల్లు ఉన్నచో సరే. లేనిచో ఈ యూళ్లను పగటి ప్రయాణమునకు ఉంచుకొని, రాత్రి బసను విశాఖపట్టణము వైపున చూచుకొనుట మేలు.

అయితే ఎట్టి బస? ఇచ్చట మా మాట కొందఱికి కటువుగా తోచవచ్చును. ఖర్చు తగ్గునని వంటగది గల యింటిని దినముల లెక్కన అద్దెకు తీసికొనుట ఇప్పుడు పరిపాటియైనది. పదిమంది కలిసి పోవువారికి అది నిజముగా చౌకయే. కాని ఆ వంటగదిలో నిలుచువారెవరు? మాకు తెలిసిన యొక కుటుంబము భీమునిపట్టణము దాపున అట్టి యిల్లు తీసికొని మూడు దినము లుండెను. మగవారును పిల్లలును పూటపూటకు ఒడ్డునకు పోయి ఆకలితో తిరిగి వచ్చిరి. ఆ యింటి కోడలు తెల్లవాఱుజామున కాఫీ మొదలుకొని రాత్రి గిన్నెల వఱకు పొయ్యి విడువలేదు. మూడవనాటి సాయంకాలము సామాను సర్దిన పిదప, బండి యెక్కబోవుచు, అలలలో పాదములు తడుపుకొని వచ్చినదట. అత్తగారు మంచివారే, భర్తయు మంచివాడే. ఎవరికిని ఆ సంగతి తోచలేదు, అంతే.

కావున బయానా ఇచ్చుటకు ముందే ఇంటిలో తేల్చుకొనవలసిన ప్రశ్న, ఈ నాలుగు దినములు వంట యెవరిదని. ఉదయపు ఫలహారము బసలోనే పెట్టుదురా, పెద్దవారికి మెత్తని అన్నము, చారు దొరకునా, పసిబిడ్డకు పాలు కాచి యిత్తురా యని అడిగి, అద్దె కొంత ఎక్కువైనను అట్టి చోటే కోరవలెను. ఇల్లే తీసికొనక తప్పనిచో ఒకపూట వంట, ఒకపూట హోటలు అని ముందే ఏర్పాటు చేసికొని, గిన్నెలు తోముటకు అచ్చటి మనిషిని కుదుర్చుకొనుడు. ఈ కూలి ఆదా చేయదగిన ఖర్చు కాదు.

ఇక చోట్ల మాట. కశింకోట నుండి విశాఖపట్టణము సుమారు 40 కిలోమీటర్లు. రామకృష్ణా బీచి యెదుటను, దాని వెనుక వీధులలోను అన్ని తరగతుల హోటళ్లును కలవు. కురుసుర జలాంతర్గామి అచ్చటనే యున్నది గావున పిల్లలకు ఒక పూట గడచును. కాని అర్ధరాత్రి దాటు వఱకు బండ్ల రొద యుండును, విశ్రాంతి కోరువారికి అది తగదు. రుషికొండ శుభ్రమైన తీరమని 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందినది. ఆ కొండపైనున్న పర్యాటక సంస్థవారి హరిత విడిదిని గుఱించి పాత మిత్రులు ఇప్పటికిని చెప్పుచుందురు. అది నేడు లేదు. దానిని తీసివైచి అచ్చట వేఱు భవనములు కట్టిరి. ఆ మాట నమ్మి ముందుగా విచారింపక పోవలదు.

మా మనసు మాత్రము భీమునిపట్టణము మీదనే యున్నది. విశాఖ నుండి ఒడ్డు వెంబడి 30 కిలోమీటర్ల దారి, దారిలో తొట్లకొండ బౌద్ధారామము, ఎఱ్ఱమట్టి దిబ్బలు. గోస్థనీనది అచ్చటనే సముద్రమును కలియును. 1861లోనే పురపాలక సంఘము ఏర్పడిన ఊరు అది. డచ్చివారి సమాధులు, పాత దీపస్తంభము, కొండమీద నరసింహస్వామి కోవెల, ఇవన్నియు మెల్లగా నడచి చూడవచ్చును. విశాఖకంటె ఇచ్చట గదులు తక్కువ గావున ముందుగా మాట్లాడుకొనవలెను.

ముసలివారిని వెంటబెట్టుకొని పోవువారికి ఇంకొక ఉపాయము కలదు. సింహాచలము కొండపైన దేవస్థానమువారి సత్రములలో, కాటేజీలలో బస చేసి, దర్శనము చేసికొని, ఒక పూట సముద్రమునకు పోయి రావచ్చును. అత్తగారికి పుణ్యము, పిల్లలకు ఇసుక. అక్షయతృతీయనాటి చందనోత్సవమునకును, ఆషాఢపూర్ణిమనాటి గిరిప్రదక్షిణమునకును మాత్రము అచ్చట చోటు ఆశింపరాదు.

గది కుదుర్చుకొనుట ఇప్పుడు ఫోనులోనే జరుగుచున్నది. ఇందులో మోసములును పెరిగినవి. హోటలు పేరుతో దొంగ ప్రకటన నిలిపి, అందమైన బొమ్మలు చూపి, సగము సొమ్ము ముందే పంపుమని తొందరపెట్టి, పిదప పలుకనివారు కలరు. ఆ యూరిలో తెలిసినవారుండిన ఒకమాఱు పోయి చూడుమనుడు. లేదా హోటలువారి సొంత సంఖ్యను వేఱుగా కనుగొని మఱల మాట్లాడుడు. సొమ్ము పోయినచో ఆలసింపక 1930 అను సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు చేయవలెను. అద్దెలో పన్ను కలిసియున్నదా యని కూడ అడుగుడు. దినమునకు 7,500 రూపాయలు మించని గదులపై పన్ను 2025 సెప్టెంబరు 22 నుండి నూటికి 12 నుండి 5కు తగ్గినది. పాత లెక్క చెప్పువారుందురు.

గదిని చూడగానే పఱుపు సంగతి తరువాత, ముందు తలుపు గడియ చూడవలెను. ఉప్పుగాలికి ఇనుము త్వరగా త్రుప్పు పట్టును. ఒడ్డున ఉన్న యిండ్లలో గడియలు బిగిసిపోవుటయో, మేకులు ఊడి వేలాడుటయో తఱచు జరుగును. ఒకచోట మాకిచ్చిన గదిలో స్నానపు గది గడియ పడకున్నచో, బాగుచేయించెదమని మాట యిచ్చి రెండు దినములు గడపిరి. ఆ రెండు దినములును ఒకరు స్నానము చేయుచుండగా వేఱొకరు వాకిట కావలి. అట్లైనచో వెంటనే గది మార్చుమని అడుగుటలో మొగమాటము వలదు. తరువాత నీరు. ఒడ్డు బావులలో నీరు తఱచుగా ఉప్పగా నుండి సబ్బు నురుగు రాదు. సముద్రస్నానము తరువాత పోసికొనుటకు మంచినీరు లేకున్న పసివారి యొడలు మంట పుట్టును. గాలి పగలు సముద్రము నుండి నేల మీదికిని, రాత్రి నేల నుండి సముద్రము మీదికిని వీచును. కావున సముద్రమునకు ఎదురైన గది మధ్యాహ్నము చల్లగా నున్నను రాత్రి ఉక్కగా నుండవచ్చును. రెండు వైపుల కిటికీలున్న గది ఉత్తమము.

కాలమును గుఱించి రెండు మాటలు. మే నెలలో ఒడ్డున చెమట ఎక్కువ. అక్టోబరు, నవంబరులలో తుపానుల భయము కలదు, 2014 అక్టోబరు 12నాటి హుద్‌హుద్‌ను మనవారు మఱవలేదు. సంక్రాంతి దాటిన పిదప, ఫిబ్రవరి లోపల, ఆదివారము కాని దినములలో గాలియు బాగు, అద్దెయు తక్కువ. చేపల కొఱకు పోవువారు ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వఱకు పోకుండుట మంచిది. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని ఆ దినములలో మరపడవల వేట నిషేధింతురు.

బస ఒడ్డునకు మఱీ దగ్గఱగా నుండుటను మేము పిల్లలున్న యిండ్లకు సలహా ఈయము. పెద్దలు నిద్రించు మధ్యాహ్నవేళ పిల్లలు గడప దాటిన సముద్రమే యగును. 2022 జూలైలో అనకాపల్లి నుండి పూడిమడకకు పోయిన కళాశాల విద్యార్థులు స్నానమునకు దిగి అలలలో కొట్టుకొనిపోగా పలువురు ప్రాణములు కోల్పోయిరి. వారు పసివారు కారు. ఒడ్డునకు వచ్చిన నీరు తిరిగి లోనికి పోవునపుడు ఒక్కొక్కచోట సన్నని పాయగా కూడి వడిగా లాగును. అచ్చట అలలు విఱుగవు గావున నీరు నెమ్మదిగా కనబడును, తెలియనివారు అదియే మంచి చోటని దిగుదురు. అందు చిక్కినవారు ఒడ్డువైపు ఎదురీదక, ఒడ్డునకు సమముగా ప్రక్కకు ఈది ఆ పాయ దాటిన పిదప బయటికి రావలెను. పల్లె తీరములలో దిగుటకు ముందు అచ్చటి జాలరులను అడుగుడు. వద్దన్న చోట మోకాలు లోతునకైనను దిగవలదు. పున్నమి, అమావాస్యలకు పోటు ఎక్కువ. మాఘపూర్ణిమనాడు రేవుపోలవరము, పూడిమడకలలో స్నానములకు జనము విరివిగా చేరుదురు. ఆనాడు పిల్లల చేయి విడువరాదు.

ప్రయాణపు ఖర్చు మాత్రము మనకు తగ్గినది. 2025 ఆగస్టు 15 నుండి స్త్రీశక్తి పథకము క్రింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, నగరపు బస్సులలో మన రాష్ట్రపు స్త్రీలకు టిక్కెట్టు సొమ్ము లేదు. ఆధారు వంటి గుర్తింపు కార్డు చేతిసంచిలో ఉంచుకొనుడు, హోటలులోను అదియే అడుగుదురు. పల్లె తీరములకు పోవువారు బస్సు దిగునపుడే చివరి బస్సు ఏ వేళకో కండక్టరును అడిగి తెలిసికొనవలెను.