పేరు పక్కన పేరు

ఈ ఆగస్టు 19తో కాకతీయ విశ్వవిద్యాలయానికి యాభై ఏళ్లు నిండుతాయి. 1976లో పుట్టిన విద్యాసంస్థకు స్వర్ణోత్సవమంటే ఓరుగల్లుకు ఇంటి పండుగే. వేదికలు వెలుస్తాయి, శాలువాలు కప్పుతారు, పతకాలు అందుకున్న పిల్లల ఫొటోలు జిల్లా పేజీల నిండా వస్తాయి. రావాల్సిందే. ఇంట్లో ఎవరూ కాలేజీ గడప తొక్కని కుటుంబాల నుంచి వచ్చి, డాక్టరేటుతో ఈ ప్రాంగణం దాటినవాళ్లు ఎందరో. ఆ ఫొటోల్లో పడని ఒక మనిషి మాత్రం ఉంటారు. స్కాలర్లు ‘గైడ్ సార్’ అనో ‘మేడం’ అనో పిలిచే మనిషి. ఇక్కడ 1991 నుంచి 1994 దాకా వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన కొత్తపల్లి జయశంకర్‌ను తెలంగాణ ఇప్పటికీ ‘సార్’ అనే అంటుంది. ఆ పిలుపు పదవిని చూసి వచ్చింది కాదు.

గైడ్ ఏం నేర్పుతారో తెలియాలంటే ఫార్మసీ ల్యాబులో మాత్ర కరిగే తీరును పరీక్షించడం ఒక్కసారి చూడాలి. ఆరు గాజు పాత్రలు. ఒక్కోదాంట్లో సాధారణంగా 900 మిల్లీలీటర్ల ద్రవం, మన ఒంటి వేడికి సరిపోయే 37 డిగ్రీలు. నిర్ణీత సమయాలకు ఒక్కో పాత్రలోంచి కొంచెం నమూనా తీయాలి, తీసినంత తాజా ద్రవం తిరిగి పోయాలి. ఆరింటికీ ఒకేసారి చెయ్యి అందదు కనుక మాత్రలు వేసేటప్పుడే కొద్ది తేడాతో వేసుకుంటారు. ఈ కిటుకు సీనియర్ నుంచి జూనియర్‌కు అందుతుంది. నిదానంగా మందు వదిలే మాత్రయితే ఆ రాత్రి జాగారం ల్యాబులోనే. తెల్లారేసరికి ఐదు పాత్రల అంకెలు ఒక దారిన, ఆరోది ఒక దారిన వస్తాయనుకోండి. ఆరోదాన్ని కొట్టేస్తే గ్రాఫు ముచ్చటగా ఉంటుంది, సినాప్సిస్ త్వరగా తెమిలిపోతుంది. “ఉండనీ, ఎందుకట్లా వచ్చిందో చూద్దాం” అనే గైడ్ దొరికిన స్కాలర్ అదృష్టవంతురాలు. పీహెచ్‌డీలో మిగతాదంతా ఆ ఒక్క మాట తర్వాతే.

పెద్ద శాస్త్రజ్ఞుల కథల్లోనూ చివరికి కనిపించేది ఈ గురుశిష్యుల బంధమే. 1928లో రామన్ తన ఆవిష్కరణను ‘నేచర్’ పత్రికకు పంపినప్పుడు వ్యాసం మీద శిష్యుడు కృష్ణన్ పేరూ ఉంది. ఆ రామన్ దగ్గర కలకత్తాలో పనిచేసిన కృష్ణా జిల్లావాడు సూరి భగవంతం తర్వాత వాల్తేరులో పాఠం చెప్పారు, ఉస్మానియాకు వైస్ ఛాన్సలర్ అయ్యారు. కాకతీయ మొలిచింది ఆ ఉస్మానియా వరంగల్‌లో నడిపిన పీజీ కేంద్రం నుంచే. ఇక భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సంగతి. రక్తంలో ఫాస్ఫరస్ ఎంతుందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతికి 1925 నుంచీ ‘ఫిస్కే–సుబ్బారావు’ అనే పేరు. హార్వర్డ్ ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో పరీక్షనాళికలో ఆ నీలం తేలినప్పుడల్లా మాత్రం గురువు ఫిస్కే పేరు పక్కన ఆయన పేరూ పలకాల్సిందే.

అందరు గైడ్లూ రుషులేం కారు. స్కాలర్ చేత సొంత పనులు చేయించుకునేవాళ్లు, పని చేయకుండానే పేపరు మీద ముందు వరుసలో కూర్చునేవాళ్లు ప్రతి విశ్వవిద్యాలయంలోనూ తగులుతారు. కానీ ఇవాళ అంతకంటే పెద్ద బాధ, అసలు గైడే లేకపోవడం. యూజీసీ నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ ఒకేసారి ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మాత్రమే గైడ్‌గా ఉండొచ్చు. అదీ రెగ్యులర్ అధ్యాపకులైతేనే. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఏళ్ల తరబడి పోస్టులు ఖాళీగా పెట్టి, కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ వాళ్లతో తరగతులు నెట్టుకొస్తున్నాం. పాఠమైతే నడుస్తోంది. పరిశోధన ఎవరి చేతుల్లో నడవాలి?

ల్యాబులో ఒకే బల్ల దగ్గర జేఆర్‌ఎఫ్ వచ్చిన స్కాలర్‌కు నెలకు 37,000 రూపాయలు. ఏ ఫెలోషిప్పూ రాని స్కాలర్ పగలు ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పి, సాయంత్రం వచ్చి పిపెట్ పట్టుకుంటాడు. వైవాలో ఇద్దర్నీ అడిగే ప్రశ్నలు మాత్రం ఒకటే.

స్వర్ణోత్సవ కమిటీకి ఒక చిన్న విన్నపం. సావనీరులో డాక్టరేట్ల జాబితా వేసేటప్పుడు ప్రతి పేరు పక్కన గైడ్ పేరు కూడా వేయండి. వీలైతే గాజుసామాను కడిగి ఆరబెట్టిన ల్యాబ్ అటెండర్ల పేర్లూ చేర్చండి. ప్రభుత్వానికి చెప్పాల్సింది ఒక్కటే. ప్రొఫెసర్ కుర్చీ ఒకటి ఖాళీగా ఉందంటే ఎనిమిది మందికి గైడ్ లేనట్టు. ముగింపు సభకు అతిథులను పిలిచేలోపు ఆ కుర్చీల నియామక ప్రకటన రావాలి.