బాండ్స్‌కు మూసిన తలుపు

బేస్‌బాల్ పిచర్ గేలార్డ్ పెర్రీ బంతికి ఉమ్మి పూసేవాడు. 1920లోనే నిషేధించిన పని అది. తడి తగిలిన బంతి బ్యాటర్ దగ్గరికొచ్చేసరికి ఉన్నట్టుండి కిందికి జారుతుంది. ఆ గుట్టంతా ఇంకా ఆడుతుండగానే, 1974లో ఆత్మకథలో తనే విప్పేశాడు. అయినా 314 విజయాల పెర్రీని 1991లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు.

బ్యాటర్ బ్యారీ బాండ్స్‌కు ఆ మన్నన దక్కలేదు.

762 హోమ్ రన్‌లు, ఏడుసార్లు అత్యుత్తమ ఆటగాడి అవార్డు. ఇవేవీ స్టెరాయిడ్ల మరకను కడగలేకపోయాయి. 75 శాతం ఓట్లు కావాల్సిన చోట, పాత్రికేయుల ఓటింగ్‌లో ఆఖరి అవకాశమైన 2022లోనూ 66 శాతం దగ్గరే ఆగిపోయాడు. మరోపక్క, 2017లో చెత్తడబ్బా మోగించి ప్రత్యర్థి సైగలను తమ బ్యాటర్‌కు చేరవేసిన హ్యూస్టన్ జట్టు ఆటగాళ్లలో ఒక్కరికీ శిక్ష పడలేదు. ఆ ఏడాది టైటిల్ కూడా వాళ్ల దగ్గరే ఉంది. ఇదేం న్యాయం?

బాండ్స్‌ను లోపలికి రానివ్వాలి. స్టెరాయిడ్ల వివాదాన్నీ ఆయన ఫలకం మీదే చెక్కాలి.